భాగహారం బాబాయ్

వేరేవాళ్లు అమ్మే కన్సోళ్లకి, అంటే టీవీకి తగిలించి ఆడుకునే ఆటపెట్టెలకి, గేములు చేసిచ్చే కంపెనీలో అమ్మకాల లెక్కలు చూసే పెద్దాయన్ని అందరూ భాగహారం బాబాయ్ అంటారు. ఏ గేము గురించి అడిగినా కళ్లజోడు నుదుటి మీదికి తోసి, "ముందు ఆ కన్సోల్ ఎన్ని ఇళ్లలో ఉందో చెప్పు నాయనా" అంటాడు. మొన్న మీటింగులో మేనేజరు ఒక కొత్త గేము గురించి, "నలభై వేల కాపీలేనా అమ్మింది? అది చేసిన తొమ్మిదిమందినీ పంపించేద్దాం" అన్నాడు. ఎన్నడూ కుర్చీ వదలని బాబాయ్ లేచి నిలబడ్డాడు.

"ఆ కన్సోల్ ఉన్నదే రెండు లక్షల ఇళ్లలో సార్. ఐదిళ్లకి ఒకరు కొన్నారు. కోటి ఇళ్లలో ఉన్నదానికి చేసిన మన హిట్టుని వందిళ్లకి ముగ్గురే కొన్నారు."

"భాగహారాలతో జీతాలివ్వలేం బాబాయ్."

సాయంత్రం ఆ తొమ్మిదిమందీ సామాన్ల పెట్టెలతో ఆయన బల్ల దగ్గరికొచ్చారు. బాబాయ్ తలెత్తలేక చిత్తుకాగితం మీద గీత గీసి, పైన తొమ్మిది, కింద తొమ్మిది వేశాడు.

"తొమ్మిదిమందికి తొమ్మిదిమందీ వచ్చారర్రా," అన్నాడు. "ఇంత మంచి లెక్క నేనెప్పుడూ చూళ్లేదు."