దొరగారి ఫోటోల్లోని మఠం మెట్లు

ఆ రోజుల్లో నేను మస్కట్‌లో, వాడి కబీర్‌లో ఒక పెద్దావిడని చూసుకునే పనిలో ఉండేదాన్ని. వాళ్లదీ మా గోదావరి వైపే. కొడుకు, అంటే మా సారు, రోడ్ల కంపెనీలో ఇంజినీరు, సైట్ దూరంగా రుస్తాఖ్‌లో. ఆయన భార్య సెలవులకి ఊరెళ్లడంతో పగలంతా ఫ్లాట్‌లో మేమిద్దరమే. పెద్దమ్మగారికి జ్ఞాపకం జారిపోతోంది. పాలు పొయ్యి మీద పెట్టినా నా కన్ను ఆవిడ మీదే ఉండేది.

ఆవిడ పుట్టింది బర్మాలో. వాళ్ల నాన్న అక్కడ ఒక మిషనరీ దొర దగ్గర కెమెరా పెట్టె మోసేవారట. యుద్ధం వచ్చి అందరూ పారిపోతున్నప్పుడు దొర కొన్ని ఫోటోలు ఆయన చేతిలో పెట్టారు. అవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. గుండు చేయించుకుని తాటాకు విసనకర్రలు పట్టుకున్న బౌద్ధ సన్యాసులు, అంచెలంచెల కప్పులున్న చెక్క మఠాలు. వెనక దొర ఇంగ్లీషులో రాసింది సారు ఒకసారి చదివి, "పాపం వీళ్లు చీకట్లో ఉన్నారని రాశాడమ్మా" అన్నారు.

పెద్దమ్మగారికి కోపం వచ్చింది. "చీకటేంటి? ఆకలేస్తే నాకు అన్నం పెట్టింది వాళ్లేగా!"

ఒక ఫోటోలో మఠం మెట్లు ఉండేవి. పారిపోయి వచ్చేటప్పుడు, ఆ మెట్ల మీదే ఆవిడని కూర్చోబెట్టి నాన్న బండి వెతకడానికి వెళ్లారట. ఆ వేసవిలో ఈ మాట మరీ ఎక్కువైంది. చెప్పిన ప్రతిసారీ వీధి తలుపు వైపు చూసేవారు. ఆ చూపు చూసినప్పుడల్లా వెళ్లి గడియ సరిచూసుకునేదాన్ని.

ఒకరోజు డాబా మీద ఆరిన బట్టలు తీసుకుని దిగేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. డబ్బా మూత మంచం మీద. మెట్ల ఫోటో లేదు, ఆవిడా లేరు.

బట్టలు అక్కడే పడేసి పరిగెత్తాను. ఎండకి రోడ్డు మీద గాలి కూడా ఊగుతోంది. ఆవిడ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. లారీలు తిరిగే రోడ్డు ఒకవైపు, వర్క్‌షాపులు ఇంకోవైపు. ఎటని వెళ్లను? వర్క్‌షాపులో కడప మెకానిక్ ఒకాయన, మాతో తెలుగు మాట్లాడే సాయిబు, నన్ను చూసి లేచాడు.

"ఏమైందక్కా, అట్లా పరిగెత్తాండావు?"

"మా పెద్దమ్మగారు కనపడట్లేదన్నా!"

"నువ్వు రోడ్డు దిక్కు పో. నేను సందులు చూస్తా."

అప్పుడే ఫోన్ మోగింది. సారు. "అమ్మ అన్నం తిందా?" అన్నారు. తిన్నారనేస్తే ఒక్క గంటైనా గడుస్తుందనిపించింది. నోరు రాలేదు. "అమ్మగారు లేరండి, వెతుకుతున్నానండి" అన్నాను. "వస్తున్నా" అని పెట్టేశారు.

రోడ్డు చివరిదాకా వెళ్లి వెనక్కి వస్తుంటే మెకానిక్ కేకేశాడు. "అక్కా, మసీదు కాడ కూచోనుంది!"

ఆవిడ మసీదు మెట్ల మీద ఉన్నారు. నమాజు చేసుకుని వచ్చేవాళ్లు ఆవిడకి తగలకుండా పక్కనించి దిగి చెప్పులు వేసుకుంటున్నారు. ఎవరో మజ్జిగ సీసా ఇచ్చారు. ఫోటో ఒళ్లో పెట్టుకుని, పాదాలు ఎర్రగా కమిలి, ఆవిడ మాత్రం నిమ్మళంగా ఉన్నారు.

"ఇంటికెళ్దాం రండమ్మగారూ."

"నేను లేస్తే నాన్నగారు ఎక్కడని వెతుకుతారు?"

ఎంత బతిమాలినా కదల్లేదు. నాకు ఏడుపొచ్చేసింది. మెకానిక్ ఆవిడ ముందు గొంతుకూర్చున్నాడు.

"మీ నాయనే పంపిచ్చినాడమ్మా. బండి తెచ్చినా."

ఆవిడ అతన్ని పైనుంచి కిందిదాకా చూశారు. "ఎడ్లేవి?"

"పికప్పమ్మా. ఎడ్లు లేవు."

ఆవిడ చెయ్యి చాపారు.

సారు వచ్చేసరికి ఆవిడ పాదాలకి తడిబట్ట చుట్టి కూర్చున్నాను. ఆయన డబ్బా తీసి బీరువాలో పెట్టబోతే, "అవి దాచేస్తే ఆవిడకి మనం కూడా కొత్తవాళ్లమైపోతామండి" అన్నాను. అంతమాట ఎలా వచ్చిందో తెలియదు. ఆయన డబ్బా మళ్లీ మంచం మీద పెట్టి, తల్లి పక్కన కూర్చుని మెట్ల ఫోటో చేతిలోకి తీసుకున్నారు.

"తాతగారు తిరిగొచ్చారా అమ్మా, ఆ రోజు?"

"రాకపోతే నువ్వెక్కణ్నించి వస్తావురా!" అన్నారు పెద్దమ్మగారు.

ఆయన నవ్వబోయి మొహం తిప్పుకున్నారు. మర్నాడే తలుపుకి పైన ఇంకో గడియ బిగించారు. అయినా డాబా మీదకి వెళ్తే ఆవిడని వెంటబెట్టుకునే వెళ్లేదాన్ని. చలికాలంలో వాళ్లు ఆవిడని ఊరికి తీసుకెళ్లిపోయారు. నేను మబేలాలో ఇంకో ఇంట్లో పనికి చేరాను. అక్కడ చూసుకోవాల్సిన ముసలివాళ్లు ఎవరూ లేరు. అయినా చాలా రోజుల వరకూ, వంట మధ్యలో గరిటె వదిలేసి వెళ్లి, వీధి తలుపు వేసుందో లేదో చూసొచ్చేదాన్ని.