నేను వలస కూలీలని రాసిన మనుషులు

మొన్న ఆదివారం ఓటరు జాబితాలో పేర్లు సరిచూసుకోమంటే మా పేటలోని మునిసిపల్ స్కూలుకు వెళ్ళి, గోడకు అంటించిన కాగితాల ముందు కళ్ళజోడు సవరించుకుంటూ నిలబడ్డాను. నా పేరుంది. సంతోషించి ఇంటికి రావలసినవాణ్ణి, ఎందుకో ఆ వరండా మెట్ల మీదే కూర్చుండిపోయాను. దాదాపు ఇరవై ఏళ్ళ కిందట నగరపాలక ఎన్నికల రోజున ఇదే వరండాలో, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళు పూట కూలి వదులుకుని, ఉతికిన చీరలు కట్టుకుని ఓటు వేయడానికి వచ్చారు. జాబితాలో మీ పేర్లు లేవు పొమ్మంటే, చేతుల్లో చీటీలు పట్టుకుని ఎక్కడికి పోవాలో తెలియక నిలబడిపోయారు. వాళ్ళ పేర్లు ఎలా పోయాయో ఆ సాయంత్రానికి నాకు తెలిసింది. నేను ఎవరికీ చెప్పలేదు.

అప్పట్లో నేను గుంటూరులో ఒక దినపత్రికకు విలేకరిని. మా అక్క మొగుడు, అంటే మా బావ, మిరప యార్డులో హమాలీ సంఘం పనులు చూసే మనిషి. ఒక సైకిల్ షాపు మీద గదిలో ఎర్రజెండా పార్టీ ఆఫీసు ఉండేది, బావ ఇల్లు అదే అని మా అక్క దెప్పుతూ ఉండేది. చాలా ఏళ్ళు ఎన్నికలే లేకుండా నడిచిన నగరపాలక సంస్థకు ఎన్నికలు వస్తున్నాయనగానే ఆయనకు ఒకటే ధ్యాస పట్టుకుంది. కాలువ కట్ట మీద గుడిసెలు వేసుకున్న తొడిమల కూలీలకు ఇళ్ళ పట్టాలు రావాలి, అందుకు వాళ్ళ మనిషే కార్పొరేటరు కావాలి, లేకపోతే ఏదో ఒక రోజు కట్టంతా ఊడ్చేస్తారు. ఆయన భయం ఉత్తది కాదు. అప్పటికే సర్వేయర్లు రెండుసార్లు వచ్చి గొలుసులతో కొలుచుకుని పోయారు.

అభ్యర్థిగా ఆయన ఎంచుకున్నది కట్ట మీద అందరూ పెద్దక్క అని పిలిచే మనిషిని. కోల్డు స్టోరేజీల పక్కన రేకుల షెడ్లలో తెల్లవారుజామున కూర్చుంటే చీకటి పడేదాకా తొడిమలు తీసే ఆ ఆడవాళ్ళ తరఫున తూకం దగ్గర మేస్త్రీలతో పోట్లాడేది ఆవిడే. పనికి ముందు అరచేతులకు ఆముదం రాసుకోవడం, ఇంటికొచ్చాక మజ్జిగతో చేతులు కడుక్కున్నాక గాని చంటిపిల్లల్ని ముట్టుకోకపోవడం నేను మొదట చూసింది ఆవిడ గుడిసె ముందే. పోటీ చెయ్యమంటే నవ్వేసింది.

"నేనేం మాట్టాడతానయ్యా, తొడిమలు తియ్యమంటే తీస్తా గానీ."

"మేస్త్రీ మీద అరిచినట్టు అరువమ్మా, అంతే చాలు," అన్నాడు బావ.

ఆ వేసవంతా ఆదివారాలు ప్రార్థన అయిపోయాక, కట్ట చివర రేకుల చర్చి ముందు చాపలు పరిచి బావ ఓటరు దరఖాస్తులు నింపేవాడు. వాళ్ళు వేలిముద్రలు వేస్తుంటే కాగితాల నిండా మిరప ఘాటు, ఆయన తుమ్ములు. చిరునామాకు రుజువుగా రేషను కార్డులున్నవి నాలుగైదు ఇళ్ళు మాత్రమే. మిగతావాళ్ళ పేర్లన్నీ మునిసిపాలిటీ చుట్టూ తిరిగి తిరిగి ఎక్కించాడు. మొదటి జాబితా వచ్చిన రోజు ఆ పేర్లన్నీ నోటుబుక్కులో స్వయంగా రాసుకున్నాడు, పిల్లల మార్కులు చూసుకున్నంత మురిపెంగా.

నన్ను కదిపింది కూడా ఆయనే. "ఏం బామ్మర్దీ, మంత్రులు తుమ్మినా రాస్తారు గదా, మా మిరపకాయ తుమ్ములు రాయరా?" అన్నాడు. సరేనని ఒక పూటంతా షెడ్డులో కూర్చున్నాను. పత్రికాఫీసు అలవాటు కొద్దీ ఒక్కొక్కరినీ మీదే ఊరమ్మా అని అడిగాను. ఒకరు మార్టూరు దగ్గరన్నారు, ఒకరు వేటపాలెం అవతలన్నారు. నిజానికి వాళ్ళలో చాలామంది గుంటూరు వచ్చి పదిహేనేళ్ళు దాటింది, పిల్లలు ఇక్కడి ఆసుపత్రిలోనే పుట్టారు. మన వైపు ఎవరిని అడిగినా అంతే కదా. ఎన్నేళ్ళు పట్నంలో ఉన్నా తాతల నాటి ఊరి పేరే చెబుతాం, గుంటూరు మాదని అనం. నేను సొంత ఇల్లు కట్టుకున్నాక కూడా తెనాలి పక్కనున్న మా నాన్నగారి పల్లె పేరే చెబుతాను. ఇదంతా తెలిసి కూడా, వార్త చివర చదివేవాళ్ళ గుండె కరగాలని ఒక వాక్యం రాశాను. సీజనుకు వచ్చి, సీజను కాగానే ఎగిరిపోయే ఈ వలస కూలీలకు తమదంటూ ఒక ఊరు లేదని.

పెద్దక్క ఫొటోతో వార్త పడింది. మా ఇన్‌ఛార్జి మెచ్చుకున్నాడు. ఆ ఆదివారం చర్చి ముందు బావ దాన్ని గొంతెత్తి చదివితే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. ఏడిపించిన ఆ చివరి మాట వాళ్ళ ఓటుకే ఎసరు పెట్టగలదని, దాన్ని రాసిన నాతో సహా, అక్కడ ఎవరికీ తట్టలేదు.

తట్టింది ఆ డివిజనులో ఎదుటి పార్టీ తరఫున నిలబడిన కాంట్రాక్టరుకు. వీళ్ళు స్థానికులు కారంటూ ఓటరు జాబితా మీద అభ్యంతరం పెట్టి, నా వార్తను కత్తిరించి జతచేశాడు. విచారణకని ఒక గుమాస్తా మిట్టమధ్యాహ్నం కట్ట మీదికి వచ్చాడు. ఆ వేళ అందరూ షెడ్లలో ఉన్నారు. తాళాలు కొనే స్తోమత లేని ఇళ్ళు, తలుపు గడియకు పురికొసతో ముడి వేసి పోతారు. పిల్లల్ని చూసుకుంటున్న ఒక ముసలావిడను వీళ్ళది ఏ ఊరని అడిగితే, ఉన్నదున్నట్టు మార్టూరు కాడ బాబూ అన్నది. ఆయన నివాసం లేరని రాసుకుని, తలుపుల మీద నోటీసులు అంటించి పోయాడు. చదువు రాని ఆ ఇళ్ళవాళ్ళు అవి పార్టీల కాగితాలనుకున్నారు. ఆ వారం గోడల మీద రాతలు రాయిస్తూ తిరుగుతున్న బావ, ఆ పేర్లు తీసేసి సవరించిన జాబితా చూడనే లేదు. తన నోటుబుక్కులోంచే చీటీలు రాసి అందరికీ పంచాడు.

పోలింగు రోజున ఆ చీటీలు పట్టుకునే వచ్చారు.

"పేరు లేదమ్మా, పక్కకు జరుగు."

"లేకపోవటమేందయ్యా? నేను నీ ఎదురుగుండా నిలబడి ఉంటేనూ!"

"మీ ఊరెళ్ళి వేసుకోండమ్మా, అక్కడ లైను కూడా ఉండదు," అని కాంట్రాక్టరు ఏజెంటు ఒకడు నవ్వాడు. బావ చొక్కా చెమటకు తడిసిపోయింది. ఆ గదికీ ఈ గదికీ పరుగెడుతూ, నోటుబుక్కు చూపిస్తూ, రాసుకున్నానండీ, నా చేత్తో రాసుకున్నానండీ అని అందరినీ బతిమాలాడు. రేషను కార్డు ఉండబట్టి పెద్దక్క పేరు మిగిలింది. ఆవిడ లోపలికి వెళ్ళి ఓటు వేసి వచ్చి, సిరా గుర్తున్న వేలిని కొంగులో దాచుకుని వాళ్ళ మధ్యన నిలబడింది.

సాయంత్రం నేను ఎన్నికల అధికారిని వివరం అడిగితే, ఆయన ఫైలు నా ముందుకు తోశాడు. "మీ పేపరే కదండీ," అన్నాడు. చివరి వాక్యం కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. ఆఫీసుకు వెళ్ళి, చెదురుమదురు ఫిర్యాదులు మినహా పోలింగు ప్రశాంతమని రాసి ఇచ్చాను.

పెద్దక్క ఓడిపోయింది. ఆ ఓట్ల తేడా వరండాలో నిలబడిన మనుషుల లెక్క కన్నా తక్కువ. మరుసటి ఏడు పొక్లెయిను వచ్చింది. కట్ట మీదివాళ్ళు స్థానికులు కారని ఫైలులో ముందే ఉంది కనుక ప్రత్యామ్నాయ స్థలాల ఊసే లేదు. బావ కలెక్టరాఫీసులో ఒక అర్జీ పెట్టి వచ్చాడు. వాళ్ళు యార్డు అవతల తలా ఒక చోట అద్దె గదుల్లో సర్దుకున్నారు. చెదిరిపోయిన జనాన్ని మళ్ళీ ఒక చాప మీద కూర్చోబెట్టడం బావ వల్ల కాలేదు. తప్పంతా తాను సవరణ జాబితా చూడకపోవడమేనని చివరిదాకా నమ్మాడు. ఆసుపత్రిలో ఊపిరాడని రోజుల్లో కూడా, "ఒక్క గంట, బామ్మర్దీ, ఆ ఒక్క గంట మునిసిపాలిటీకి పోయుంటే," అంటుంటే నేను ఆయన కాళ్ళు పడుతూ కూర్చున్నాను.

ఆయన పోయాక ఒకసారి పెద్దక్కను వెతుక్కుంటూ వెళ్ళాను. ఆవిడ గదిలో, ఏసు పటం పక్కన, ఫ్రేము కట్టించిన నా వార్త ఉంది. "మా గురించి రాసింది నువ్వొక్కడివే నాయనా," అని టీ పెట్టించింది. తాగి వచ్చేశాను.

ఇప్పుడు ఆ కట్ట మీద సిమెంటు బాట వేశారు, పొద్దున్నే నడవడానికి నాలాంటి రిటైరైనవాళ్ళు వెళుతుంటారు. సైకిల్ షాపు మీది గదిలో ట్యూషన్లు చెబుతున్నారు. ఒక డివిజను కోసం ఒక వేసవంతా చాపల మీద కూర్చునే మనుషులు ఏ పార్టీలోనూ నాకు కనబడటం లేదు, ఉన్నా వాళ్ళను నమ్మి వేలిముద్ర వేసే ధైర్యం ఎవరికి మిగిలిందో తెలియదు. తొడిమలు మాత్రం ఇప్పటికీ చేతులతోనే తీస్తున్నారు. కట్ట వాళ్ళను స్థానికులుగా గుర్తించి స్థలాలివ్వాలని బావ పెట్టిన అర్జీ మీద, అవునని గాని కాదని గాని, ఈ రోజు వరకు ఏ ఉత్తర్వూ రాలేదు.