నల్ల గడిలో చిన్న గడి

కంప్యూటరు తెర మీద నల్ల గడి లోపల ఉండవలసిన చిన్న గడి కనబడలేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. లైటు ఆర్పి చూశాను. లేదు. అదే తెర మీద డాక్టరమ్మ పొద్దుటి నుంచి ఎక్స్‌రేలు చూస్తున్నారు. ఆ రిపోర్టుల మీద సంతకాలైపోయి, కొన్ని రోగులతో పాటు ఇళ్ళకు కూడా వెళ్ళిపోయాయి.

విజయనగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నేను సిస్టమ్స్ ఇన్‌ఛార్జిగా పనిచేసిన రోజులవి. బి.టెక్. అయ్యాక అదే నా మొదటి ఉద్యోగం. చిన్నదానికి ఉబ్బసం మొదలయ్యాక మానేశాను కాబట్టి ఇప్పటికి చివరిదీ అదే. హోదా పేరు పెద్దదే గానీ నా కింద ఎవరూ లేరు, పైన అడ్మినిస్ట్రేటరు ఒక్కరే. ల్యాబు, ఫార్మసీ, బిల్లింగు కౌంటరు, రిపోర్టు గది, ఎక్కడ కంప్యూటరు మొరాయించినా నన్నే పిలిచేవారు. ఇప్పుడు పిల్లలు నిద్రలో దగ్గితే లేచి కూర్చుంటాను. అప్పట్లో ప్రింటరు చప్పుడు తేడాగా వినిపించినా అలాగే ఉలిక్కిపడేదాన్ని.

అన్నిటిలోకీ నాకు రిపోర్టు గది ఇష్టం. దానికి కిటికీ లేదు. చీకటి, ఏసీ చల్లదనం, డాక్టరమ్మ ఫ్లాస్కులోంచి అల్లం టీ వాసన. ఆవిడ మా రేడియాలజిస్టు, అంటే ఎక్స్‌రేలు, స్కాన్లు చూసి జబ్బేమిటో రాసే డాక్టరు. నేను వైర్లు సర్దుతుంటే మూతలో టీ పోసి నా వైపు జరిపేవారు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తుంటే, ఆ మూత అంచు వేడి పెదవులకు తగులుతున్నట్టే ఉంది.

పాత విండోస్‌కి కంపెనీ మద్దతు ఆగిపోతుందని ఆ వారం అన్ని కంప్యూటర్లకూ కొత్తది వేయించారు. బయటి ఏజెన్సీ ఇంజనీరు ఆదివారం వచ్చి వేసి, అన్నీ ఆన్ అవుతున్నాయని చూపించి వెళ్ళాడు. సోమవారం పొద్దున్న మా ఆసుపత్రి పద్ధతి ప్రకారం నేను ముందు బిల్లింగు కౌంటరుకి వెళ్ళాలి, రిపోర్టు గదికి తర్వాత. కౌంటరులో ప్రింటర్లు మొండికేశాయి. అవి దారికొచ్చేసరికి లోపల డాక్టరమ్మ సగం పని పూర్తి చేశారు.

ఎక్స్‌రే చూసే తెరను పరీక్షించడానికి టెస్ట్ ప్యాటర్న్ అనే బొమ్మ ఒకటుంటుంది. నలుపు నుంచి తెలుపు దాకా మెట్లు మెట్లుగా బూడిద రంగులు. పూర్తి నల్ల గడి మధ్యలో, రవ్వంత తక్కువ నలుపుతో ఒక చిన్న గడి. అది కనబడకపోతే ఎక్స్‌రేలోని నల్లటి భాగాల్లో తేడాలు కూడా కనబడవు. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు ఉండేది ఆ నలుపులోనే.

సంగతి చెప్పాను. డాక్టరమ్మ ఒక్క మాటే అడిగారు, ఎప్పటి నుంచి అని. పొద్దుటి నుంచి అన్నాను. ఎక్స్‌రే తీసే గదిలో యంత్రంతో పాటు వచ్చిన పాత తెర ఒకటుంది, దాని జోలికి ఎవరూ వెళ్ళలేదు. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా అక్కడికి నడిచారు. పొద్దుటి బొమ్మలన్నీ వరసగా తెరవమని టెక్నీషియన్ సింహాచలానికి చెప్పారు.

నేను డ్రైవరు సంగతి చూడడానికి కూర్చున్నాను. కంప్యూటరులో బొమ్మను తయారు చేసే కార్డుతో విండోస్ మాట్లాడడానికి ఒక చిన్న ప్రోగ్రాం కావాలి, దాన్నే గ్రాఫిక్స్ డ్రైవరు అంటారు. కొత్త విండోస్ మా పాత డ్రైవరును తీసేసి, తనకు తెలిసినదేదో పెట్టుకుంది. సినిమాలు కళకళలాడేలా కాంట్రాస్టు తనంతట తానే పెంచే సౌకర్యం అందులో ఉంది. దానివల్ల ముదురు నలుపులన్నీ ఒకే నలుపైపోయాయి. దాన్ని ఆపాను. కంప్యూటరు మళ్ళీ ఆన్ చేయగానే అదీ మళ్ళీ ఆన్ అయింది. పాత డ్రైవరుకు వెనక్కి వెళ్ళే బటన్ నొక్కుడు పడలేదు. విండోస్ మొత్తం మారినప్పుడు పాతది మిగల్లేదు మరి. కార్డు తయారీదారు సైటు నుంచి సరికొత్తది తెచ్చి వేస్తే తెర పూర్తిగా చీకటైపోయింది.

అప్పుడే సింహాచలం తలుపు దగ్గర నిలబడి, "మేడమ్, డాక్టరమ్మ పిలస్తన్నారు" అన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం ఆడే మనిషి, ఆ ఒక్క ముక్కతో ఆగిపోయాడు.

పాత తెర మీద ఒక మగమనిషి ఛాతీ. పక్కటెముకల మధ్య దారప్పోగంత గీత. గీతకు ఇవతల ఊపిరితిత్తి, అవతల గాలి అని డాక్టరమ్మ వేలితో చూపించారు. ఊపిరితిత్తి బయట గాలి చేరి దాన్ని నొక్కేస్తోంది. పెరిగితే ఊపిరాడదు. ఆ మనిషి పేరు ఎల్లాజీ. భోగాపురం వైపు తీరంలో చేపలు పట్టుకుని బతికేవాడు. పడవ అంచు ఛాతీకి కొట్టుకుందని వచ్చాడు. ఏమీ లేదని రాసి, నొప్పి మాత్రలిచ్చి పంపేశారు. రేపు తెల్లారకుండా వేటకు వెళ్ళాలని సింహాచలంతో చెప్పాడట.

అతను ఇచ్చిన నంబరుకు నేనే ఫోన్ చేశాను. భార్య ఎత్తింది. ఆసుపత్రిలో నేర్చుకున్న మర్యాదతో, నమస్కారమండీ, ఎల్లాజీ గారితో మాట్లాడాలండీ అన్నాను.

"అండీ గారూ అంతన్నావంటే బ్యాంకోల మనిసివే నువ్వు. మాకు లోనొద్దు," అని పెట్టేసింది.

రెండోసారి నా చదువు పక్కన పెట్టి, మా ఇంట్లో అక్కతో మాట్లాడినట్టు మాట్లాడాను.

"అప్పా, ఫోను కట్ సెయ్యకు. నాది సికాకులం. ఆస్పత్రిలో పన్జేస్తన్నాను. మీ ఆయన ఎక్స్‌రేలో పొద్దున్న కనబడనిది ఇప్పుడు కనబడ్డాది. రేపు ఏటకెల్తే నడి సముద్రంలో ఊపిరాడదు."

"డబ్బులు గుంజడానికి పిలస్తన్నారేటి?" అంది.

డాక్టరమ్మ వైపు చూశాను. ఆవిడ తల అడ్డంగా ఊపగానే ఫోనులో చెప్పాను. "ఒక్క రూపాయి కట్టొద్దు. నడిపించకు, ఏదో ఒక బండిలో కూకోబెట్టి తోలుకురా."

"ఆ మాట ముందే సెప్పొచ్చు గదా," అంది. "అండీ గిండీ అంటే ఎవులికి తెలుస్తాది?"

వాళ్ళు వచ్చేలోగా నేను సేఫ్ మోడ్‌లో, అంటే అత్యవసరమైనవి మాత్రమే నడిచే పద్ధతిలో, కంప్యూటరును తెరిచి ఆ కొత్త డ్రైవరును పూర్తిగా తీసేశాను. మా కార్డు మోడలుకు సరిపోయే పాత వెర్షన్ వెతికి వేశాను. విండోస్ దాన్ని తనంతట తాను మార్చకుండా సెట్టింగు కట్టేశాను. టెస్ట్ ప్యాటర్న్ తెరిస్తే చిన్న గడి కనబడింది. డాక్టరమ్మను పిలిచి చూపించాకే లేచాను.

ఎల్లాజీ చేపల ఆటోలో వచ్చాడు, ఐసు పెట్టెల పక్కన కూర్చుని. దారిలోనే ఆయాసం మొదలైందట. మళ్ళీ ఎక్స్‌రే తీశారు. ఈసారి గీత నేను బాగుచేసిన తెర మీద కూడా కనబడింది, పొద్దుటి కంటే లోపలికి జరిగి. వెంటనే ఛాతీకి గొట్టం వేసి గాలి తీశారు. పొద్దున్న రాసిన రిపోర్టు తప్పని, తెర సరిగా చూపించలేదని డాక్టరమ్మ అతని భార్యకు నేరుగా చెప్పారు. ఆమె అంతా విని, "మా ఆయన రొమ్ములో గాలి సూడ్డానికి మీ టీవీ బాగుపడాలేటి?" అంది. సింహాచలం ఆమె కూర్చోవడానికి కుర్చీ తెచ్చి వేశాడు.

తెర వెలుగుతోందంటే అది సరిగా చూపిస్తోందని కాదు. కంప్యూటరులో ఏది మార్చినా, ప్రాణం ఆధారపడిన చోటును ముందు పరీక్షించాలి, డబ్బు కట్టించుకునే చోటును తర్వాత. అడ్మినిస్ట్రేటరుకు ఈ రెండు ముక్కలే చెప్పాను. టెస్ట్ ప్యాటర్న్ చూడనిదే ఆ రోజు మొదటి ఎక్స్‌రే చదవకూడదన్న నియమం ఆ సాయంత్రమే వచ్చింది. చూడవలసింది నేనే.

మేమప్పుడు కొత్తవలసలో ఉండేవాళ్ళం. మర్నాడు పొద్దున్న నేను రోజూ ఎక్కే రైలు కంటే ముందు రైలుకు బయల్దేరుతుంటే, జడలు వేయకుండా ఎక్కడికని పిల్లలిద్దరూ దువ్వెన పట్టుకుని అడ్డం నిలబడ్డారు.

"ఇవాళ్టి నుంచి నాన్న వేస్తారు," అని చెప్పాను. "వంకరగా వచ్చినా ఏడవకండి. మొదటి ఎక్స్‌రే కంటే ముందు నేనక్కడ ఉండాలి."