సాతంరాయి కోళ్లషెడ్డులో ఫ్రెంచి దర్శకుడు

రాజేంద్రనగర్ నుంచి పిన్ని ఫోన్ చేసింది. "గ్రేస్ నౌకరికి సెలవు పెట్టింది బిడ్డా. ఎవరో ఫ్రాన్స్ ముసలాయన సాతంరాయిల నాటకం ఆడిపిస్తుండంట, సినిమా గూడ తీస్తడంట. నాకు పరేషాన్ అయితుంది. జర నువ్వొచ్చి చూడరాదూ?" గ్రేస్ పిన్ని కూతురు. విమానాశ్రయం కార్గోలో పార్సిళ్లను ఎక్స్‌రే యంత్రంలో చూసి పంపే ఉద్యోగం. జీతం లేని సెలవు, తిరిగి వెళ్లేసరికి ఆ సీటు ఉంటుందో ఉండదో తెలియదు. డెబ్బై ఏళ్ల విదేశీ దర్శకుడికి శంషాబాద్ దగ్గరున్న సాతంరాయిలో పనేమిటి? పిన్ని అడక్కపోయినా వెళ్లేదాన్నే.

విజయవాడలో ఆరింటి బస్సు ఎక్కితే పదకొండు దాటాక ఎల్బీనగర్‌లో దిగాను. అక్కడి నుంచి ఆరాంఘర్‌కు సిటీ బస్సు. ఆరాంఘర్‌లో శంషాబాద్ వైపు పోయే బస్సు ఎక్కితే సాతంరాయి దగ్గర దిగొచ్చు. దారంతా ఫోన్‌లో ఆయన గురించే వెతికాను. పేరు ఎతియెన్. రేవు పట్నంలో చేపల మూటలు మోసే కూలీ కొడుకు. నాటకశాలలో సెట్లకు మేకులు కొట్టడంతో మొదలుపెట్టి, మూతపడ్డ మిల్లుల్లో కార్మికుల చేతే నాటకాలు ఆడించి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత మూడు సినిమాలు తీశాడు. మూడోదానిలో కథానాయిక ఏడ్చే దృశ్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆ నటి మాత్రం చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది: అది నటన కాదట. తల్లి పోయిన వార్త విని ఆమె ఓ మూల కూర్చుని ఏడుస్తుంటే, చెప్పకుండా తీసి సినిమాలో పెట్టేశాడట. ఆమె మళ్లీ నటించలేదు. ఆయనా మళ్లీ సినిమా తీయలేదు. అది చదివాక నా అనుమానం భయమైంది.

హైవే మీద ఆటో అతను ఎనభై రూపాయలు అడిగాడు. "గా ఫ్రాన్స్ ముసలాయన దగ్గరికా అక్కా? నాటకం గీటకం ఏం లేదు, భూముల కోసమే వచ్చిండని మా ఊర్లె అంటున్నరు. లేకుంటే కోళ్లషెడ్డు ఎవరన్న కిరాయికి తీసుకుంటరా?" అన్నాడు. బేరం ఆడకుండా ఎక్కాను.

ఖాళీ షెడ్డులో ఇంకా పాత ఎరువు వాసన పోలేదు. విమానాశ్రయంలో పనిచేస్తూ ఒక్కసారి కూడా విమానం ఎక్కనివాళ్ల కథలతో నాటకమట. పొడుగ్గా, బక్కగా ఉన్న ఎతియెన్ నన్ను చూడగానే "పత్రికా?" అని తెలుగులోనే అడిగాడు. ఆయన కళ్లలోనూ అనుమానమే. మా అక్క అని గ్రేస్ చెప్పాక కుర్చీ చూపించాడు.

రిహార్సల్ మొదలైంది. గ్రేస్ ఒక చెక్కపెట్టె ముందు నిలబడి మాట్లాడుతోంది. నాలుగు మాటలకే నాకు అర్థమైంది, అది బాబాయి కథ. దుబాయ్‌లో మేస్త్రీ పనికి పోయిన బాబాయి పెట్టెలో తిరిగొచ్చాడు, ఇదే కార్గో గేటులోంచి. అప్పుడు గ్రేస్‌కు తొమ్మిదేళ్లు. ఆ రోజు గురించి పిన్ని ఇంట్లో ఎవరినీ మాట్లాడనివ్వదు. గ్రేస్ ఏడుస్తూనే చెబుతోంది. పక్కనే స్టాండు మీద కెమెరా ఆమె ముఖానికి గురిపెట్టి ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. లేచి "ఆపండి! ఆ కెమెరా ఆపండి!" అని అరిచాను.

గ్రేస్ కళ్లు తుడుచుకుని తన హ్యాండ్‌బ్యాగు తెరిచింది. "దాని బ్యాటరీ నా దగ్గరున్నదక్కా. ఆ నటి మాటలు నేను గూడ చదివిన. మొదటి దినమే ఆయన ముందల పెట్టి, బ్యాటరీ ఇస్తేనే చేస్త అన్న. తీసిచ్చిండు. ఉత్త కెమెరా మాత్రం అట్లనే నిలబెడ్తడు."

"ఆ నటి ఆ మాట బయటపెట్టాక అయినా ఆ దృశ్యం తీసేశారా?" అని నేను ఎతియెన్‌ని అడిగాను. గ్రేస్ ఇంగ్లీషులో చెప్పింది.

"లేదు. అది సినిమాలోనే ఉంది," అన్నాడు.

"ఎందుకు?"

"బాగుంది కాబట్టి."

దాచకుండా చెప్పాడు. అందుకే ఇంకా భయమేసింది.

ఆ సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్లాను. "రేపు నువ్వే వచ్చి చూడు," అన్నాను. మర్నాడు పొద్దున ఇద్దరం వెళ్లాం. ఏ కథో గ్రేస్ ముందే చెప్పేసింది. షెడ్డులో పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

"ఆ దినం మా అమ్మ ఏడ్వలే," అంది గ్రేస్, పెట్టె మీద చెయ్యి వేసి.

"ఏడ్వలేదంటవేందే?" పిన్ని లేచి నిలబడింది. "నువ్వు బెదురుతవని గోడ ఎనకకు పోయి ఏడ్చిన. నువ్వు చూడలే." ఇక ఆగలేదు. పదిహేనేళ్లుగా మింగిన మాటలన్నీ ఆ షెడ్డు మధ్యలో నిలబడి చెప్పింది. నేను ఎతియెన్ చేతులనే చూస్తున్నాను. కుడి చెయ్యి కెమెరా దాకా వెళ్లింది. గ్రేస్ అటు చూడకుండానే బ్యాగును చంకలోకి లాక్కుంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని తల దించుకున్నాడు.

ఆయన్ని నేను ఇప్పటికీ నమ్మను. బ్యాటరీ ఉండి ఉంటే మా పిన్ని ఏడుపు కూడా రేపు ఏదో ఊళ్లో తెర మీద ఆడేదని నా గట్టి నమ్మకం. కానీ ఆయన ఆ పెట్టె పెట్టకపోతే పిన్ని ఆ మాటలు అనేదే కాదు. ఈ రెండూ నిజమే, ఒకదానితో ఇంకోటి చెల్లిపోదు. తిరుగు దారిలో పిన్ని అడిగింది ఒకటే: "ఆట ఎప్పుడంట? మీ బాబాయి తమ్ముళ్లను గూడ పిలవాలె."

ఆట ఆదివారాలు నాలుగింటికి, టికెట్టు లేదు. వెళ్లేవాళ్లకు ఒక్క మాట: చీకటి పడితే షెడ్డు వైపు ఆటోలు రావు కాబట్టి తిరుగు ప్రయాణానికి ఆటో దిగేటప్పుడే మాట్లాడుకోండి. అయితే ఒక అరగంట ఎక్కువే చెప్పండి. ఆట అయిపోయిన వెంటనే లేచి రావాలనిపించదు.