గలీబు కింద పచ్చ లైటు

మా చిన్నప్పుడు... కంప్యూటర్ గదిలోకి వెళ్ళాలంటే చెప్పులు బయట విడిచి, కాళ్ళు కడుక్కుని, గుమ్మం దగ్గర గోనెపట్టా మీద తుడుచుకుని మరీ వెళ్ళేవాళ్ళం. ఇంట్లో దేవుడి గదికి కూడా అంత మర్యాద చేసినట్టు గుర్తులేదు నాకు!

హనుమాన్ జంక్షన్‌ నుంచి కాస్త లోపలికి వెళ్తే మా హైస్కూలు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఐదు కంప్యూటర్లు వచ్చాయి. వాటితో పాటు వచ్చిన కంప్యూటర్ సారు నాలుగు నెలలు పాఠం చెప్పి, వేరే ఉద్యోగం దొరికిందని వెళ్ళిపోయారు. ఇక ఆ గది తాళం ఎవరికివ్వాలి? మా హెడ్మాస్టారు గారు బాగా ఆలోచించి... కరుణ టీచర్ గారికిచ్చారు.

కరుణ టీచర్ చెప్పేది సైన్సు. కంప్యూటర్ని ఆవిడా మాతోపాటే మొదటిసారి చూశారు. మరి ఆవిడకే ఎందుకంటే... ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తారని!

"పది వేళ్ళూ ఆడించడం మన స్కూల్లో మీకొక్కరికే వచ్చునమ్మా. ఇంకెవరికివ్వమంటారు?" అన్నారు హెడ్మాస్టారు.

"అదీ ఇదీ ఒకటెలా అవుతుందండీ?" అని టీచర్ మొత్తుకున్నా వినలేదు.

పాపం ఆవిడ చేతనైనదంతా చేశారు. పాత వాయిల్ చీర కత్తిరించి కంప్యూటర్లకి గలీబులు కుట్టారు... అచ్చం దిండ్లకి కుట్టినట్టే. మౌస్ బొమ్మ బోర్డు మీద గీసి, కప్ప బొమ్మకి గుర్తించినట్టే భాగాలు గుర్తించమనేవారు. కంప్యూటర్ ముట్టుకోవడం మాత్రం తక్కువ... ఏం నొక్కితే ఏమవుతుందోనని ఆవిడకి భయం.

నాకు మాత్రం కొత్త కాదు... పటమటలో మా పిన్ని వాళ్ళింట్లో కంప్యూటర్ ఉండేది. వేసవి సెలవులంతా దాని ముందే. ఇక చూసుకోండి, క్లాసులో నా టెక్కు!

ఒక శనివారం సాయంత్రం టీచర్ వరసగా తెరలు ఆపేసి, గలీబులు తొడిగి, తాళం వేయబోయారు. ఆ పల్చటి చీర గుడ్డలోంచి పచ్చ లైట్లు మినుకుమినుకుమంటూ కనబడ్డాయి నాకు. తెర నల్లబడితే కంప్యూటర్ ఆగిపోయిందనుకున్నారావిడ. లోపల సీపీయూ డబ్బాలు నడుస్తూనే ఉన్నాయి...

నేను చెప్పలేదు.

టీచర్ తప్పు ఎత్తి చూపడమా అన్న భయం సగం. సోమవారం భలే తమాషా చూడొచ్చన్న సరదా సగం. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను... సరదాయే ఎక్కువ.

రోజుకి పదిసార్లు పోయే కరెంటు ఆ ఆదివారం ఒక్క నిమిషం కూడా పోలేదు. గలీబుల కింద గాలాడక రెండు రాత్రులూ వేడెక్కాయేమో, సోమవారం తలుపు తీయగానే కాలిన వాసన. ఐదింటిలో రెండు ఎంత నొక్కినా లేవలేదు.

హెడ్మాస్టారు వరండాలోనే, అందరి ముందూ కేకలేశారు. "వచ్చే సోమవారం ఆఫీసరు గారొస్తున్నారు. పిల్లలు వాడుతున్నట్టు కనబడకపోతే మొత్తం పట్టుకెళ్ళి వేరే స్కూలుకిచ్చేస్తారు. ఏం చూపిస్తారో మీ ఇష్టం!"

టీచర్ తలొంచుకుని విన్నారు. నాకు తమాషాగా అనిపించలేదు.

తర్వాతి పీరియడ్ మా క్లాసే. ఆవిడ సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, మా వైపు తిరిగారు.

"నాకు రాదర్రా. ఇన్నాళ్ళూ వచ్చినట్టు నెట్టుకొచ్చాను. మీలో ఎవరికన్నా వస్తే చెప్పండి... నేర్చుకుంటాను."

ఒక టీచర్ నోట ఆ మాట వినడం మాకదే మొదలు. నేను ఏడుస్తూ లేచి నిలబడ్డాను. "టీచర్... శనివారం లైట్లు వెలగడం నేను చూశానండీ. చూసి కూడా చెప్పలేదండీ."

దెబ్బలు ఖాయమనుకున్నాను. ఆవిడ నా వంక చూసి, "అయితే నీకు వచ్చన్నమాట. రేపట్నించి అన్నం తినగానే ఆ గదిలోకి రావే సుధా," అన్నారు.

ఆ వారం రోజులూ... నేను కుర్చీలో, టీచర్ పక్కన స్టూలు మీద! నేను చెప్పిందల్లా పొడుగు నోట్సులో రాసుకుని, తన ఎర్ర పెన్ను నా చేతికిచ్చి "దిద్దవే" అనేవారు. మూడో రోజుకే టైపింగులో నన్ను దాటేశారు. హెడ్మాస్టారి మాట మరీ ఉత్తదేం కాదు!

ఆఫీసరు వచ్చిన రోజు మిగిలిన మూడింటి చుట్టూ పిల్లలం, మా మధ్య టీచర్. ఆయన ఏదో అడిగారు. "అది నాకింకా రాదండీ, ఈ అమ్మాయి చూపిస్తుంది," అన్నారావిడ, తడుముకోకుండా. ఆయన నవ్వి, నా పక్కన కూర్చుని మరీ చూశారు. కంప్యూటర్లు మాకే ఉండిపోయాయి... పాడైన రెండూ కూడా బాగై వచ్చాయి.

ఇప్పుడు నా ఉద్యోగం ఏమిటో తెలుసా? బళ్ళకి వెళ్ళి, డిజిటల్ బోర్డు మీద, ఇంటర్నెట్‌తో పాఠం ఎలా చెప్పాలో టీచర్లకి చూపించడం.

మొన్న ఒక స్కూల్లో, రిటైర్మెంటుకి దగ్గరపడ్డ తెలుగు మాస్టారు ఒకాయన వెనకాల నిలబడి కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు. రాదని చెప్పలేని ఆ తుడవడం నాకు బాగా తెలుసు. అందరికీ కరుణ టీచర్ సంగతి చెప్పాను. ఆయన మెల్లగా ముందుకొచ్చి, "నాకూ రాదమ్మా," అన్నారు. నేను నోరు తెరిచేలోపే, పాఠం కోసం కూర్చోబెట్టిన పిల్లల్లోంచి ఒక ఏడో తరగతి పిల్ల "నేను చూపిస్తాను రండి మాస్టారూ!" అంటూ ఆయన పక్కకి చేరింది. భయం లేదు, టెక్కూ లేదు. నాకు ముచ్చటేసింది... కాస్త సిగ్గూ వేసింది.

బయటికి రాగానే కరుణ టీచర్‌కి వీడియో కాల్ చేసి చెప్పాను. అంతా విని, ఎప్పుడూ అడిగేదే అడిగారు. "వచ్చేటప్పుడు లైటు ఆరిందో లేదో చూశావా?"

"చూశానండీ టీచర్..."

ఇప్పుడు చెప్పులు విప్పే గదులూ లేవు, గలీబులూ లేవు. "నాకు రాదు, నేర్పవే" అన్న టీచర్ మీకూ ఎవరైనా ఉన్నారా? ఉంటే కింద రాయండి... వీలైతే ముందు వాళ్ళకి ఒక ఫోన్ చేసి, ఆ తర్వాత రాయండి.