సుబ్బరత్నమ్మ కాపలా

వీధి చివర ఎవరింట్లో పప్పు మాడిందో, ఏ ఇంటి పిల్లోడు మిద్దె మీదికెక్కి బీడీ కాల్చాడో సుబ్బరత్నమ్మకు తన వాకిట్లో కూర్చునే తెలిసిపోతుంది. కర్నూల్లో పోలీసు కుక్కకు జబ్బు చేస్తే ఈమెను తీసుకుపోవచ్చని మనవరాలు ఎగతాళి చేస్తుంది. ఆ ముక్కు ఆమెకు పుట్టుకతో రాలేదు. మొగుడితో వచ్చింది.

మొగుడి పేరు ఉరుకుందప్ప. వయసులో ఉన్నప్పుడు బోరు బండి మీద పనిచేసేవాడు. ఓర్వకల్లు బండరాళ్ల నుంచి వేంపల్లె చెనిక్కాయ, అంటే వేరుశనగ, చేల దాకా ఆ బండి ఆగని ఊరు లేదు. బోరులో నీళ్లు పడితే రైతు సంతోషం పట్టలేక సీసా తెప్పించేవాడు. పడకపోతే దుఃఖం పట్టలేక తెప్పించేవాడు. బోరు వేశాక ఈ రెండింట్లో ఏదో ఒకటి జరగక తప్పదు కాబట్టి ఉరుకుందప్పకు తాగని రోజంటూ మిగల్లేదు. ఇంటికొచ్చిన రోజు ఆయన మొహం చూడనక్కర్లేదు, చెప్పులు చూస్తే చాలు. మామూలుగా వస్తే రెండూ జతగా అరుగు కింద ఉండేవి. తాగి వస్తే ఒకటి గడప మీద, ఇంకోటి కాలవ పక్కన. సుబ్బరత్నమ్మ వంటింట్లోంచి తొంగిచూసి, ఆ చెప్పులను బట్టే, కొడుకు ఓబుళేశును అన్నానికి పిలవాలో పక్కింటికి పంపాలో తేల్చుకునేది.

పెద్ద మనవరాలు సుప్రజ పుట్టిన ఏడు ఆమె ఆయన్ను అనంతపురం దిక్కున ఉన్న పాండురంగడి గుడికి తీసుకుపోయింది. తాగుడు మానాలనుకున్నవాళ్లు అక్కడ తులసిమాల వేయించుకుంటారు. మాల మెడలో ఉన్నంతకాలం చుక్క ముట్టమని దేవుడి ముందు మాటిస్తారు. పూజారి మాల వేస్తుంటే ఉరుకుందప్ప పసిపిల్లాడిలా ఏడ్చాడు. ఆ పూసలు నల్లబడ్డాయి, దారం మారింది, మాల మాత్రం ఆయన మెడలోనే ఉంది. సుప్రజకు ఎన్నేళ్లో ఆ మాటకూ అన్నేళ్లు.

మాల వేసుకున్నది ఆయన. కాపలా కాసింది ఈమె. దగ్గుమందు కొంటే మందుల అంగడి అబ్బాయి చేత సీసా మీది అక్షరాలన్నీ చదివించేది. పెళ్లిళ్లలో మగవాళ్ల బంతి వెనకే కుర్చీ వేసుకుని కూర్చునేది. క్రిస్మస్‌కు పక్క వీధి టీచరమ్మ కేకు పంపితే మూత తీసి, ఒకసారి వాసన చూసి, మూత పెట్టి వెనక్కి పంపింది. ఆయన మోకాళ్ల నొప్పులకు హోమియోపతి డాక్టరు స్పిరిట్‌లో తడిపిన చక్కెర మాత్రలిస్తే, చేటలో పోసి ఎండబెట్టింది. సగం చీమలు తీసుకుపోయాయి. చీమలకు మోకాళ్లు బాగుపడి ఉంటాయని ఉరుకుందప్ప అన్నాడు గానీ ఆమెకు నవ్వు రాలేదు. ఈ విషయంలో ఆమెకు ఎప్పుడూ నవ్వు రాదు.

అట్లాంటి ఇంట్లో సుప్రజ ఒకరోజు బాంబు వేసింది. సుప్రజ ఇంటర్ రెండుసార్లు తప్పి, ఆ తర్వాత వంటల కోర్సులో చేరి, ఈమధ్యే బళ్లారి రోడ్డు వైపు కాలనీలో ఏదో కొత్త హోటల్లో పనికి కుదిరింది.

"జేజీ, ఆదివారం సాయంత్రం నువ్వూ తాతా మా హోటలుకు రావాల. ఇంకా తెరవలేదు. పనిచేసేటోళ్ల ఇండ్లల్లో వాళ్లను పిలిచి మొదట వాళ్లకు తినిపిస్తాండారు. చిన్న ప్లేట్లన్నీ నావే."

"ప్లేట్లు కడుగుతాండావా?"

"వండుతాండా జేజీ!"

"మంచిది. ఏం హోటలది? బిర్యానీదా, టిఫినుదా?"

సుప్రజ తల గోక్కుంది. "బారు."

సుబ్బరత్నమ్మ చేతిలో చేట ఆగిపోయింది. బియ్యంలోని రాయి బియ్యంలోనే ఉండిపోయింది.

"అంటే అట్లాంటి బారు కాదు జేజీ. బీరు ఆడనే తయారు చేస్తారు. వైన్ ఉంటాది. నంజుకోడానికి నేను చేసేవి ఉంటాయి. ఇంటిల్లిపాదీ వచ్చి కూచునే చోటది."

"మీ తాతను వెంటబెట్టుకొని బారుకు రమ్మంటాండావా? ఒంట్లో బాగుండాదా నీకు?"

"తాగేదానికి కాదు కదా, తినేదానికి."

అరుగు మీద నుంచి ఉరుకుందప్ప గొంతు వినిపించింది. "పిల్ల పిలుస్తాంటే పోకుంటే ఎట్ల మే?"

ఆ మాట ఆయన అంత తొందరగా అనడం సుబ్బరత్నమ్మకు నచ్చలేదు. తానొక్కతే వస్తానంది. సుప్రజ ఒప్పుకోలేదు. "నేను ఇంటర్ తప్పిన రోజు మీరెవ్వరూ నాతో మాట్లాడల్యా. తాతే చెయ్యి పట్టుకొని టిఫిను బండికాడికి తీసకపోయి ఉగ్గాని బజ్జీ తినిపిచ్చె. నా చేతి వంట ఆయప్ప తినకుంటే నాకీ పని ఏంటికి?" అంది. సుబ్బరత్నమ్మకు ఒప్పుకోక తప్పలేదు.

సుబ్బరత్నమ్మకు ఆ వారమంతా అన్నం సయించలేదు. ఆయన మామూలుగా దగ్గినా ఉలిక్కిపడింది. కొడుకు నడిపే మోటారు వైండింగ్ అంగడికి ఆయన పోయి వచ్చేసరికి ఆలస్యమైతే వీధి మలుపు దాకా పోయి నిలబడింది. ఆదివారం మధ్యాహ్నం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే మాల పైకి కనబడేటట్టు సర్ది, గట్టిగా చెప్పింది. "నేను చూసినాకనే ఏదైనా నీ నోట్లోకి పోవాల. ఇన్నావా?"

"ఇన్నాలే. కలెక్టరుకు కూడా ఇంత బందోబస్తు ఉండదు."

ఆ బారు పేరు పందిరి. లోపల వెలుతురు తక్కువ, కుర్చీలు ఎక్కువ. వెనకవైపు అద్దం గోడ, ఆ గోడ వెనక మనిషెత్తు రాగి పాత్రలు.

"ఆ గంగాళాలు ఏంటికి?" అంది సుబ్బరత్నమ్మ.

"పెండ్లికేమో" అన్నాడు ఉరుకుందప్ప. అవి బీరు తయారుచేసేవని చూడగానే ఆయనకు అర్థమైందని ఆమెకు తెలుసు.

గడప దాటగానే అసలు ప్రమాదం బయటపడింది. వాసన. పులిసిన జొన్నగంజిలాగా, తడిసిన గోనెసంచిలాగా, దాని మీద నిమ్మతొక్క రుద్దినట్టు ఒక వాసన గోడల్లో, బల్లల్లో, కుర్చీల మెత్తల్లో, అంతటా ఉంది. సుబ్బరత్నమ్మ మొగుడి దిక్కు వంగి వాసన చూసింది. ఇంకా ఏమీ ముట్టని మొగుడి దగ్గర కూడా అదే వాసన. తన కొంగుకూ అదే. ఇన్నేళ్లు ఇల్లు కాపాడిన ముక్కు ఈ చోట పనికిరాకుండా పోయింది.

ముక్కు పోయాక మిగిలింది నాలుక. అందుకే మొదటి ప్లేటు రాగానే తన ముందుకు లాక్కుంది. ప్లేటు అరచెయ్యంత ఉంది. అందులో జొన్నరొట్టె ముక్కలు, వాటి మీద గోంగూర, దాని మీద వేలిగోరంత మాంసం.

"ఇది ఆకలికా, రోగానికా?" అన్నాడు ఉరుకుందప్ప.

సుబ్బరత్నమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుని నమిలింది. లోపల ఏదైనా మండుతుందేమోనని కాసేపు ఆగింది. మండలేదు. ప్లేటు ఆయన వైపు జరిపింది. తర్వాత చెనిక్కాయల ముద్దలు వచ్చాయి, వేయించిన బోటీ వచ్చింది. ప్రతిసారీ అదే తంతు. పక్క బల్ల వాళ్లు ఈ ముసలామెకు ఆకలి ఎక్కువనుకున్నారు.

ఆ తర్వాత ఉగ్గాని బజ్జీ వచ్చింది. చిన్న గిన్నెలో పచ్చగా బొరుగుల ఉగ్గాని, దాని చుట్టూ వేలెడంత మిరపకాయ బజ్జీలు నాలుగు. సుబ్బరత్నమ్మ ఒకటి తిన్నది. కరకరలాడింది. ఇంత తేలికైన బజ్జీ ఆమె జన్మలో తినలేదు. ఒకదాంట్లో ఏమీ లేకపోతే రెండోదాంట్లో ఉండదని నమ్మకమేముంది? రెండోదీ తిన్నది.

"నాకేమన్నా మిగిలిస్తావా మే?"

"ఉండయ్యా. అనుమానంగా ఉండాది."

మూడోది తినేసరికి అనుమానం తీరింది. మిగిలిన ఒక్కటీ ఉరుకుందప్ప చేతికిచ్చింది. ఆయన దాన్ని ఉగ్గానిలో అద్దుకుంటుండగా సుప్రజ వంటింట్లోంచి వచ్చింది. నల్ల ఏప్రాను, నెత్తికి గుడ్డ, ముక్కు మీద పిండి.

"జేజీ, ఎట్ల ఉండాయి? శానా గుల్లగా వచ్చినాయి కదా? ఎట్లొచ్చినాయో చెప్పు చూద్దాం. పిండిలో నీళ్లకు బదులు మా బీరే పోస్తా!"

ఉరుకుందప్ప చెయ్యి నోటి దగ్గర ఆగిపోయింది. బజ్జీ పెదవులకు ఇంకా తగల్లేదు. సుబ్బరత్నమ్మ ఆయన మెడలో మాలను చూసింది, చేతిలో బజ్జీని చూసింది. ఆయన మెల్లగా బజ్జీని ప్లేటులో పెట్టి, వేళ్లు గుడ్డకు తుడుచుకున్నాడు.

సుప్రజ మొహం పాలిపోయింది. "నూనెలో పడినాక దాంట్లో ఏముంటాది తాతా, అంతా ఆవిరైపోతాది. అందుకే నేను..."

"ఉండనీలే పాపా. నీ తప్పేంలేదు. ఉగ్గానిలో ఏం పోసినావు?"

"నిమ్మకాయ తాతా. అంతే."

ఆయన గిన్నె దగ్గరికి తీసుకుని తిన్నాడు. అడుగున అంటుకున్న పుట్నాలపొడి కూడా వేలితో తీసి తిన్నాడు. "ఆ పొద్దు బండికాడ తిన్నదాని కన్నా బాగుండాది" అన్నాడు. సుప్రజ కళ్లు తుడుచుకుని, నవ్వి, లోపలికి పరుగెత్తింది.

ఇదంతా సుబ్బరత్నమ్మకు సరిగ్గా వినబడలేదు. "నేను మూడు తింటినే!" అని గుండె మీద చెయ్యి పెట్టుకుని కొళాయి దగ్గరికి పోయింది. పుక్కిలించింది. మళ్లీ పుక్కిలించింది. అద్దంలో తన కళ్లు ఎర్రబడ్డాయేమో చూసుకుంది. మంటగా ఉన్నది నాలుకో, కడుపో తెలియలేదు. కొంగుతో మొహం తుడుచుకుని బయటికొచ్చేసరికి బల్ల దగ్గర ఆయన కుర్చీ ఖాళీగా ఉంది.

ఎన్నో ఏళ్లుగా ఆమె భయపడింది ఆ ఖాళీ కుర్చీకే. బల్లల మధ్య నుంచి నడిచింది. కాళ్లకు కుర్చీలు తగిలాయి. అద్దం గోడ పక్కన పొడుగు కౌంటరు, వరసగా బీరు కొళాయిలు. వాటి ముందు ఉరుకుందప్ప వీపు. ఆమె కొంచెం పక్కకు జరిగి చూసింది. ఆయన కుడిచేతిలో చిన్న గాజు గ్లాసు ఉంది. దాని నిండా తేనెరంగు, పైన తెల్లటి నురగ.

వెనకటి రోజుల్లో అయితే ఆమె లాక్కుని నేల మీద పారబోసేది. ఎన్ని సీసాలు అట్లా పారబోసిందో ఆ ఇంటి నేలకే తెలుసు. ఇప్పుడు చెయ్యి లేచింది కూడా. అప్పుడే వంటింటి కిటికీలోంచి చూస్తున్న సుప్రజ కనిపించింది. సుప్రజ కదల్లేదు. సుబ్బరత్నమ్మ కూడా కదల్లేదు. తాను లాక్కుంటే ఈ గ్లాసు పోతుంది, నిజమే. కానీ గ్లాసు లాక్కోవడం చేతకాని రోజు ఒకటి ఎప్పుడైనా వస్తుంది. ఆ రోజు ఏం చేయాలో ఇన్నేళ్లూ ఆమె ఆలోచించలేదు. ఆయన్ను పిలవాలనుకుంది, పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. నిలబడింది. నురగ కొంచెం కొంచెంగా అణగిపోతోంది.

ఉరుకుందప్ప గ్లాసును ముక్కు దాకా తెచ్చాడు. అక్కడే ఉంచాడు. తర్వాత తల తిప్పి ఆమెను చూశాడు.

"వచ్చినావా? ఇది పట్టుకో మే. గబుక్కున పట్టుకో."

ఆమె రెండు చేతులతో పట్టుకుంది.

"ఈ కౌంటరు పిల్లోడు తీర్థమిచ్చినట్ల రెండు చేతుల్తో ఇచ్చె. వద్దని చెప్పేలోపల చేతికొచ్చింది" అన్నాడు. గొంతు తగ్గించి, "అది అబద్ధంలే. వద్దనొచ్చు. అనలేదు. ఇన్నేండ్లూ నువ్వే కాపలా కాస్తివి కదా, నువ్వు లేకుంటే నేనేం చేస్తానో చూసుకుందామనిపిచ్చె."

"చూసుకుంటివా?"

"చూసుకుంటి. చెయ్యి వణికింది. ఇదో, ఇంకా వణుకుతాండాది."

ఆయన చెయ్యి చూపించాడు. నిజంగానే వణుకుతోంది. ఆమె ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో ఆయన చెయ్యి పట్టుకుని నిలబడింది. కౌంటరు వెనక బసవరాజు అనే కుర్రాడు అదంతా చూసి, ముసలామె మొహమాట పడుతోందనుకున్నాడు.

"తీసుకో జేజీ, ఏం కాదు. ఇది శానా తేలిక రకం."

"వద్దు నాయనా" అంది సుబ్బరత్నమ్మ, గ్లాసు జాగ్రత్తగా కౌంటరు మీద పెడుతూ. "ఇప్పుడే తినొచ్చినా."

పొద్దుగూకకముందే ఇంటికి ఆటో ఎక్కారు. ఆమె గుండె ఇంకా కుదుటపడలేదు. రాజ్‌విహార్ దగ్గర ఆటో మలుపు తిరగ్గానే మొగుడి భుజం పట్టుకుంది.

"నా తల తిరుగుతాందయ్యా."

"తిరిగింది ఆటో."

"కాదు. నాకు ఎక్కినట్లుండాది. పాండురంగనికి ఏం చెప్పాల నేను?"

"మాల ఏసుకున్నది నేను. నువ్వు ఏమన్నా తిను, ఆయప్ప అడగడు."

"ఈసారి పోయినప్పుడు నేనే అడిగి ఏపిచ్చుకుంటా. నోరు వాసన చూడు."

ఆటోవాడు అద్దంలోంచి చూస్తుండగా ఉరుకుందప్ప వంగి, ఇన్నేళ్లు ఆమె తనను చూసినట్టే, గట్టిగా ఊపిరి పీల్చి వాసన చూశాడు. పెద్ద తీర్పు చెప్పేవాడిలా కాసేపు ఆగాడు.

"మిరపకాయ" అన్నాడు.

ఇల్లు రాగానే ఆమె మళ్లీ పుక్కిలించడానికి లోపలికి పరుగెత్తింది. ఆయన నెమ్మదిగా దిగి, చెప్పులు విడిచి అరుగు కింద జతగా పెట్టాడు. అప్పుడు కనిపించాయి సుబ్బరత్నమ్మ చెప్పులు. ఒకటి గడప మీద, ఇంకోటి కాలవ పక్కన.

ఆయన నడుం పట్టుకుని వంగి, ఆ రెంటినీ ఏరుకొచ్చి తన చెప్పుల పక్కన పెట్టాడు. లోపల నీళ్లు పుక్కిలిస్తున్న చప్పుడు ఆగేదాకా అరుగు మీద కూర్చుని, తర్వాత, "ఏమ్మే, మజ్జిగ కలిపియ్యల్నా?" అని కేకేశాడు.