మొన అరగదీసిన కత్తి

నాకు తెనాలిలో లేత్ వర్క్‌షాపు ఉంది. ఇరవై ఏళ్లుగా ఇనుముతోనే పని. చచ్చిపోయినవాళ్ళు తిరుగుతుంటారని ఎవరైనా చెబితే మొహం మీదే నవ్వేవాణ్ణి. ఇప్పుడు కూడా దెయ్యాలున్నాయని వాదించను. జరిగింది మాత్రం చెబుతాను.

మా బాబాయ్ రేపల్లెలో ఉంటాడు. హిస్టరీ మాస్టారుగా రిటైరయ్యాడు. పాత కత్తులు, బాకులు పోగుచెయ్యడం ఆయన సరదా. వాటికి తుప్పు వదిలించి నూనె పెట్టే పని నాది. పోయిన వేసవిలో ఒక ఆదివారం పొద్దున రైల్లో వెళ్ళాను.

కొత్తగా వచ్చిన కత్తి చూపించాడు. ఆయన శిష్యుడొకడు బాపట్లలో తమ పాత పెంకుటిల్లు విప్పిస్తుంటే అటక మీద దొరికిందట. జానెడు పొడవు, కొమ్ముతో చేసిన పిడి.

"ఇది ఎన్ని యుద్ధాలు చూసిందో, ఎంతమందిని పొడిచిందోరా," అన్నాడు బాబాయ్.

నా చూపు మొన దగ్గర ఆగింది. అది విరగలేదు. ఎవరో పనిగట్టుకుని గుండ్రంగా అరగదీశారు. అంచు మాత్రం ఇంకా పదునుగానే ఉంది.

పిడి పట్టుకుని తుడవబోయాను. పసిబిడ్డ ఏడుపు వినిపించింది. అప్పుడే పుట్టిన బిడ్డ ఏడుపు, నా మోకాళ్ళ దగ్గర నుంచే వస్తున్నట్టు. కత్తి కింద పెట్టాను. ఆగిపోయింది. మళ్ళీ తీశాను. మళ్ళీ మొదలైంది. మూడోసారీ అంతే. బయట పదకొండు గంటల ఎండ. బాబాయ్ ఎదురుగా కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు.

"పక్కింట్లో చంటిపిల్లలున్నారా బాబాయ్?"

"లేరురా. ఏం?"

ఏం లేదన్నాను. ఈ కత్తితో ఎవరో పసిప్రాణం తీసుంటారన్న ఆలోచన తప్ప ఇంకేమీ తోచలేదు.

"దీన్ని తీసుకెళ్ళి కృష్ణలో పడేద్దాం బాబాయ్."

"నీకేమైనా మతి పోయిందా?"

"పోనీ, ఎవరిదో కనుక్కుందాం. అందాకా దీన్ని ఇంట్లో పెట్టుకోవద్దు."

కారణం ఆయన అడిగాడు. నేను చెప్పలేదు. మా ఆవిడకీ చెప్పలేదు. ఆ వారమంతా అన్నం సయించలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఇద్దరం బాపట్ల వెళ్ళాం. శిష్యుడి నాయనమ్మకి తొంభై దాటాయి. చెవులు పూర్తిగా పోయాయి. ఏం చెప్పాలన్నా పలక మీద పెద్ద అక్షరాలతో రాసి చూపించాలి. మేము రాయకముందే ఆవిడ కత్తిని గుర్తుపట్టింది.

"మా అమ్మమ్మది నాయనా. ఆవిడ మంత్రసాని. ఈ చుట్టుపక్కల ఎంతమందికో దీంతోనే బొడ్డు కోసింది. బిడ్డ ఏడుపు విన్నాకే కోసేది. తల్లికి గుచ్చుకుంటుందని మొన అరగదీయించింది."

"అంతకుముందు ఎవరిదో?" అని బాబాయ్ రాసి చూపించాడు.

"ఎవరో సిపాయిదనేవాళ్ళు. ఏం చేసొచ్చిందో దానికే తెలియాలి."

బాబాయ్ చెప్పులు పక్కకి విడిచి, కత్తికి రెండు చేతులూ జోడించాడు. ఆయన అలా దండం పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. వారం రోజులుగా నా గుండె మీదున్న బరువు దిగిపోయింది. దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. భయం అనలేను దాన్ని.

మామ్మగారు కత్తి అందుకుని పిడి చుట్టూ వేళ్ళు బిగించింది. తల కొంచెం పక్కకి వాల్చి, కాసేపు కదలకుండా కూర్చుంది. తర్వాత బాబాయ్ వైపు కాదు, నా వైపు తిరిగింది.

"ఆడపిల్ల గొంతు కదూ?" అంది.

పలక మీద ఆ మాట ఎవరూ రాయలేదు. రాయడానికి ఆ ఏడుపు సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

అవునని తలూపాను. ఆవిడ కత్తిని చీర చెంగులో చుట్టి ఒళ్ళో పడుకోబెట్టుకుంది. తిరిగి ఇమ్మని మేము అడగలేదు.

ఆ ఏడుపు నాకెందుకు వినిపించిందో, ఏమీ వినపడని ఆవిడకి ఎలా వినిపించిందో నాకిప్పటికీ తెలియదు.